కోడిలో ఖర్జూరం!

"కోడికూరలో ఖర్జూరాలేమిటే?" అంది ఉప్పల్ నుంచొచ్చిన మా అత్తయ్య. ముర్గ్ ముసల్లంలో గుడ్లు, జీడిపప్పు కూరరూ? ఇది దాని చెల్లెలే!

నాచారంలో చికెన్ కొట్టతనితో నాలుగు బోన్‌లెస్ ఛాతీ ముక్కల్ని పక్కనుంచి సంచిలా కోయించాను. రెండోవైపు తెగనివ్వకండి. గుప్పెడు జీడిపప్పు, బాదం, నాలుగు ఖర్జూరాలు, కాసిని కిస్మిస్‌లు, పచ్చిమిర్చి తరిగి నేతిలో వేయించి, చల్లారాక కూరి టూత్‌పిక్ గుచ్చాలి. ఉప్పు, మిరియాలు, నిమ్మరసం పట్టించి పెనం మీద ఎర్రగా కాల్చి, సన్నసెగన మూతపెట్టండి.

ఛాతీలో కొవ్వు తక్కువ, ఎక్కువసేపుంచితే పీచే. అలాగని తొందరపడి దించేయకండి, పిల్లలు తినేది! కూరిన పప్పులతో సహా మధ్యభాగం 74 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. థర్మామీటరు లేదా? లావుచోట కోసి చూడండి, నీరు తేటగా ఉండాలి.

పుదీనా, కొత్తిమీర, వెల్లుల్లి రుబ్బి చిలికిన పెరుగులో కలిపితే సాస్ రెడీ.