రెండింధనముల పొయ్యి

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. ఆ యింటిలోను మొదట చూడవలసినది వంటయిల్లే. కొన్నేండ్ల క్రిందటి వరకు కట్టెలు, పిడకలు, ఊక, బొగ్గులు, కిరసనాయిలు, ఇవియే మన వంటయింటి ఇంధనములు. 1955లో బొంబాయి నగరమున సిలిండరు గ్యాసు గృహములకు వచ్చెను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును ఆరంభించి పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షనుల నిచ్చెను. 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము మొదలయ్యెను. పొగగొట్టముతో ఊదియూది కన్నులెఱ్ఱ చేసికొను బాధ చాలమందికి తప్పినది.

ఇప్పుడు మరియొక మార్పు వచ్చుచున్నది. పైన గ్యాసు బర్నర్లును, క్రింద విద్యుత్తుతో కాగెడి ఓవెన్ పెట్టెయు నొక్కటిగా గల పొయ్యిలను పలువురు కొనుచున్నారు. బర్నర్ల ప్రక్కనే ఇండక్షను పలక యమర్చిన పొయ్యిలును గలవు. అట్టివి కొనకున్నను, గ్యాసు పొయ్యి ప్రక్కన విద్యుత్తు పొయ్యి పెట్టుకొన్న ప్రతి వంటయిల్లును ఈ కోవకు చెందినదే. సదుపాయమునకు లోటు లేదు. కరెంటు పోయిననాడు గ్యాసు, గ్యాసు అయిపోయిననాడు కరెంటు ఆదుకొనును. దోసెకు, తాలింపునకు, వంకాయ కాల్చుటకు మంట కావలెను. బిస్కత్తులకు, కేకులకు నాలుగు ప్రక్కలను సమముగా వ్యాపించు వేడి కావలెను. రెండును ఒక్కచోట లభించుట మేలే.

కాని ఒక ఒరలో రెండు కత్తులిమడవని సామెత. ఇక్కడ రెండు కత్తులును ఒక్క ఒరలోనే యున్నవి. గ్యాసు వలన ఆపద కలిగినప్పుడు చేయవలసిన పని వేరు. విద్యుత్తు వలన కలిగినప్పుడు చేయవలసిన పని వేరు. ఒకదానికి చేయవలసినది రెండవదానికి చేసితిమా, ఆపద రెట్టింపగును. ఈ భేదమును సోదరీమణులకు తెలియజేయుటయే మా యుద్దేశము.

గ్యాసు స్వభావము

సిలిండరులో నుండునది ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవమై యుండి, వెలువడినతోడనే వాయువగును. ఒక లీటరు ద్రవము సుమారు 250 లీటర్ల వాయువుగా విరియును. కనుక చిన్న కారుటయే యని ఉపేక్షింపరాదు. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోక, నీటివలె నేలమీద పారి, గట్టుక్రిందను, మూలలందును నిలిచియుండును. గాలిలో నూటికి సుమారు రెండు పాళ్లు చేరినచో చాలును, ఒక్క రవ్వతో అంటుకొనును.

దీనికి స్వతస్సిద్ధముగా వాసన లేదు. మనకు తెలియు ఆ చెడ్డ వాసన ఇథైల్ మెర్కాప్టన్ అను పదార్థమును కలుపుటవలన వచ్చునది. వాసన లేని వాయువెట్టి యనర్థము తెచ్చునో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 1937 మార్చి 18వ తేదీన ప్రపంచమునకు తెలిసెను. అచటి న్యూ లండన్ పాఠశాలలో నేలక్రింది ఖాళీ స్థలమున సహజవాయువు చేరియుండెను. అది యెవరికిని తెలియలేదు. చేతిపనుల ఉపాధ్యాయుడు కొయ్యను నునుపుచేయు విద్యుద్యంత్రమును నడపగా రవ్వ రేగి, పాఠశాల కూలిపోయి, సుమారు 300 మంది పిల్లలును ఉపాధ్యాయులును మరణించిరి. పిమ్మట టెక్సాసు శాసనసభ వాయువునకు వాసన కలుపవలెనని చట్టము చేసెను.

ఈ కథలో గమనింపవలసిన దొకటి కలదు. వాయువు తనంత తాను మండలేదు. దానిని మండించిన రవ్వ విద్యుత్తుది. మన రెండింధనముల పొయ్యిలో నీ రెండును మూరెడు దూరములో నున్నవి.

విద్యుత్తు స్వభావము

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. 2,300 వాట్ల ఓవెన్ 10 ఆంపియర్ల విద్యుత్తును లాగును. ఫ్యానులకు, దీపములకు వాడు 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గునకు దీనిని తగిలించినచో తీగ కాగి, పైతొడుగు కరగి, నిప్పంటుకొనును. దీనికి 16 ఆంపియర్ల ప్లగ్గు, తగినంత లావు తీగ, విడిగా ఒక స్విచ్చి యుండవలెను. పొడిగింపు తీగలతో నడుపరాదు. మిక్సీ, గ్రైండరు, ఓవెన్ ఒక్క ప్లగ్గుమీద నడుపుట అసలే తగదు.

ఎర్తు తీగ అలంకారమునకు పెట్టినది కాదు. పొయ్యి యొడలు లోహము. లోపల తీగ తెగి తగిలినచో ఆ లోహమంతయు విద్యుత్తుతో నిండును. తడిచేతితో, వట్టికాళ్లతో నిలిచిన ఇల్లాలి దేహము ద్వారా అది భూమికి పోవును. ఎర్తు సరిగా నున్నచో ఆ విద్యుత్తు ఎర్తుతీగ వెంబడి పోవును. 30 మిల్లీఆంపియర్ల తేడాను కనిపెట్టి విద్యుత్తును కోసివేయు ఆర్.సి.సి.బి. అను సాధనమును మెయిను బోర్డులో పెట్టించుకొన్నచో మరింత రక్షణ. క్రొత్త పొయ్యి కొనుటకు ముందే ఎలక్ట్రీషియనుచే ఈ రెండును చూపించుకొనుడు.

వాసన వచ్చినప్పుడు

గ్యాసు వాసన తగిలినతోడనే మనకు తోచు మొదటి పని ఎగ్జాస్టు ఫ్యాను వేయుట. అదియే చేయరాని పని. స్విచ్చి వేయునప్పుడును రవ్వ పుట్టును, తీయునప్పుడును పుట్టును. కనుక వెలుగుచున్న దీపమును ఆర్పవలదు. ఆరియున్న దీపమును వెలిగింపవలదు. ఓవెన్ ప్లగ్గు లాగవలదు. చిమ్నీ నడుపవలదు. అచ్చట ఫోను వాడవలదు.

పొయ్యి మరలు కట్టి, రెగ్యులేటరును మూయవలెను. దేవుని యెదుట దీపము వెలుగుచున్నచో నార్పవలెను. తలుపులు, కిటికీలు అన్నియు తెరువవలెను. గ్యాసు నేలమీద నుండును గనుక బయటికి పోవు తలుపు తెరచుట ముఖ్యము. పిల్లలను, వృద్ధులను వెలుపలికి పంపి, తామును వెలుపలికి పోయి, అక్కడినుండి 1906 నంబరునకు ఫోను చేయవలెను. గ్యాసు కారినప్పుడు దేశమంతట పనిచేయు నంబరిది. మెయిను స్విచ్చి ఇంటి వెలుపల, వాసన సోకని చోట నున్నచో దానిని కట్టవచ్చును, లోపలనున్నచో ముట్టరాదు. వచ్చువారు తలుపు గంట నొక్కకుండ వాకిట నొకరు నిలుచుట మంచిది.

గొట్టములద్వారా గ్యాసు వచ్చు పట్టణములలో నది మీథేను ప్రధానమైన సహజవాయువు. గాలికంటె తేలికయై పైకప్పు దగ్గర చేరును. అప్పుడు పై కిటికీలు తెరచుట ముఖ్యము. సిలిండరు పొయ్యి బర్నర్ల రంధ్రములు ఈ గ్యాసునకు సరిపడవు. ఇంధనము మార్చినప్పుడు మెకానిక్కుచే వానిని మార్పించవలెను.

పొయ్యి జిల్లుమన్నప్పుడు

ఇక రెండవ యాపద. పొయ్యిని తాకగా చేయి జిల్లుమనినను, ఓవెన్ నుండి తీగ కాలిన కంపు వచ్చినను, క్రమము తలక్రిందులగును. ఇప్పుడు ముందుగా చేయవలసినది మెయిను స్విచ్చి కట్టుట. పొయ్యి మరలను ముట్టరాదు. అవియును లోహమే, వాని మీదను విద్యుత్తుండవచ్చును. విద్యుత్తు ఆగిన పిమ్మట గ్యాసు రెగ్యులేటరు మూయవలెను. ఓవెన్ లోపల మంట కనిపించినచో తలుపు తెరువక, విద్యుత్తు నాపి, అది తానే ఆరువరకు కనిపెట్టియుండవలెను. నీరు పోయరాదు. మంట వెలుపలికి వచ్చినచో 101కి గాని 112కు గాని ఫోను చేసి యిల్లు విడువవలెను.

ఎవరైన విద్యుత్తు తగిలి విడువలేక యున్నచో వారిని పట్టి లాగరాదు. మెయిను కట్టవలెను; అది దూరమైనచో ఎండిన కొయ్యతో వారి చేతిని తొలగింపవలెను.

ఈ రెంటిని కలిపి రెండు వాక్యములలో చెప్పుదుము. వాసన వచ్చినచో గ్యాసు కట్టుము, స్విచ్చి ముట్టకుము. జిల్లుమన్నచో మెయిను కట్టుము, పొయ్యి ముట్టకుము.

నిత్యము పాటింపవలసినవి

పొయ్యి సిలిండరుకంటె ఎత్తుగా గట్టుమీద నుండవలెను. సిలిండరు ఎల్లప్పుడును నిలువుగా నుండవలెను. దానిని అలమరలో పెట్టినచో అడుగున గాలి పోవుటకు రంధ్రములుండవలెను. రబ్బరు గొట్టము ఐ.ఎస్.ఐ. ముద్ర గలదై, ఒకటిన్నర మీటరుకు మించక, అయిదేండ్లకొకమారు మార్చబడవలెను. పగుళ్లు కనిపించినచో అంతవరకు ఆగరాదు. రెండింధనముల పొయ్యిలో మరియొక జాగ్రత్త కావలెను: ఓవెన్ వెనుకభాగము మిక్కిలి కాగును. గ్యాసు గొట్టము ఆ వేడి గోడకు తగులరాదు. విద్యుత్తు తీగ బర్నర్లవైపు వ్రేలాడరాదు. రెండును వేర్వేరు ప్రక్కలకు పోవునట్లు అమర్పించుకొనుడు.

సిలిండరు వచ్చినప్పుడు సీలు చూడుడు. మెడ దగ్గరి పట్టీమీద ఒక అక్షరమును, రెండంకెలును ఉండును. అది సిలిండరు మరల పరీక్షింపవలసిన గడువు. ఏ యనగా జనవరి నుండి మార్చి. బీ యనగా ఏప్రిలు నుండి జూను. సీ యనగా జూలై నుండి సెప్టెంబరు. డీ యనగా అక్టోబరు నుండి డిసెంబరు. అంకెలు సంవత్సరమును తెలుపును. గడువు దాటినదానిని త్రిప్పి పంపవలెను. బిగించిన పిమ్మట కుంకుడుకాయ నురుగును గాని సబ్బు నురుగును గాని అతుకులమీద పూసి చూడుడు. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని యర్థము. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణాంతకము.

అగ్గిపుల్లతో వెలిగించునప్పుడు పుల్ల ముందు, మర తరువాత. మీట నొక్కి వెలిగించు పొయ్యిలో రెండు మూడు మారులకు మంట రాకున్నచో మర కట్టి, గ్యాసు చెదరిపోవు వరకు ఆగవలెను. మరల మరల నొక్కరాదు. సన్నమంటమీద పాలు పెట్టి వెళ్లుట మనయిండ్ల వాడుక. పాలు పొంగి మంట నార్పును. గ్యాసు మాత్రము వచ్చుచునే యుండును. మంట ఆరినప్పుడు గ్యాసును తానే కట్టివేయు అమరిక గల బర్నర్లు దొరకుచున్నవి. కొనువారు దానిని అడిగి తీసికొనవలెను.

ఓవెన్ నడుచుచుండగా కరెంటు పోయినచో స్విచ్చి కట్టుట మరువరాదు. కరెంటు మరల వచ్చువేళకు ఇంటివారు నిద్రించుచుండవచ్చును. ఖాళీ ఓవెన్‌ను అలమరగా వాడి కాగితములు, గిన్నెలు, ప్లాస్టిక్కు డబ్బాలు దాచరాదు. పైట చెంగుతో వేడి గిన్నెలు దింపరాదు. పొడి మసిగుడ్డ గాని పట్టకారు గాని వాడుడు. చెంగు దోపుకొని నూలుబట్టతో వంట చేయుట మేలు.

శుభ్రపరచుట

శుభ్రము చేయుటకు ముందు రెండింటిని ఆపవలెను: రెగ్యులేటరు కట్టి, ప్లగ్గు తీసి, పొయ్యి చల్లారనిండు. నీలిమంట ఆరోగ్యచిహ్నము. మంట పసుపురంగై గిన్నెలకు మసి పట్టినచో ఇంధనము సరిగా కాలుట లేదు. గ్యాసు వ్యర్థమగుటయే కాదు, కార్బన్ మొనాక్సైడు అను వాసనలేని విషవాయువు పుట్టును. ఇత్తడి బర్నర్లను చింతపండుతో తోమి, రంధ్రములను చీపురుపుల్లతో తీసి, పూర్తిగా ఆరిన పిమ్మట పెట్టవలెను. అల్యూమినియపు బర్నర్లకు చింతపండు, సోడా తగవు, సబ్బునీరు చాలును. లోపలి సన్నని గ్యాసు రంధ్రమును మాత్రము సూదితో పొడువరాదు. అది పెద్దదైనచో మంట అదుపు తప్పును. ఓవెన్ లోపల వంటసోడాను నీటితో ముద్దచేసి పూసి, తడిగుడ్డతో తుడువవలెను. నీళ్లు చల్లి కడుగరాదు. వేడి అద్దపు తలుపుమీద చన్నీరు పడినచో పగులును. తలుపు అంచుననున్న రబ్బరు చిరిగినచో వేడి వెలుపలికి వచ్చి మరలను చెరచును, వెంటనే మార్పించుడు.

కాలినప్పుడు

బాణలిలో నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. క్రింది మంట నార్పి మూత పెట్టవలెను. ఒడలు కాలినచో కుళాయి నీటిక్రింద ఇరువది నిమిషములుంచి, శుభ్రమైన బట్ట కప్పి, వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. మంచు, పసుపు, సిరా, వెన్న పూయరాదు.

మన దేశమున వంటయింటి మంటలకు గురియగువారిలో స్త్రీలే అధికులు. అయినను ఈ సంగతులు ఇల్లాలి యొక్కతెకే తెలిసిన చాలదు. ఆమె ఊరికి పోయినదినమున పొయ్యి వెలిగించు భర్తకు, కాఫీ కాచుకొను అత్తగారికి, బడినుండి వచ్చి ఆకలియను పిల్లలకు, పనిమనిషికి తెలియవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్విన ప్రయోజనమేమి? మెయిను స్విచ్చి ఎక్కడనున్నదో, రెగ్యులేటరు ఎటు త్రిప్పిన కట్టుబడునో ఈ వారములోనే ఇంటిల్లిపాదికిని చేతితో చేయించి చూపుదురుగాక. పైని చెప్పిన రెండు వాక్యములను పెద్ద అక్షరములతో వ్రాసి, పొయ్యికి దూరముగా, వంటయింటి గుమ్మమువద్ద అతికింతురుగాక.