తోక లేని ఎలుక: ఇంటిలో వైర్‌లెస్ మౌస్ వాడుకలో పాటింపవలసిన ఆరోగ్య నియమములు

ఒకప్పుడు కార్యాలయములకే పరిమితమైయుండిన కంప్యూటర్ నేడు మన దేశములో ఎన్నో ఇండ్లలో ప్రవేశించినది. 2020లో కోవిడ్ వ్యాధి మూలమున పాఠశాలలును కార్యాలయములును మూతపడిన దినములలో ఇంటి వసారాయే తరగతి గదియైనది. భోజనపు బల్లయే ఉద్యోగ స్థానమైనది. ఆ అలవాటు చాలమందికి నిలిచిపోయినది. కంప్యూటర్‌తోపాటు ఇంటికి వచ్చిన చిన్న పనిముట్టు మౌస్. దాని నుండి వెలువడు తరంగములను గూర్చి భయపడువారు పెక్కుమంది కలరు. కాని జాగ్రత్త వహింపవలసిన అసలు విషయములు వేరుగా నున్నవి. అవి రెండు: మణికట్టునకు కలుగు శ్రమ యొకటి, పసిపిల్లలకు బ్యాటరీల వలన కలుగు ప్రాణాపాయము రెండవది.

మౌస్ ఎట్లు పనిచేయును?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఈ సాధనమును ఊహింపగా, ఆయన సహోద్యోగి బిల్ ఇంగ్లిష్ 1964లో కొయ్యతో తొలి నమూనాను తయారుచేసెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో అది ప్రజల యెదుట ప్రదర్శింపబడినది. తోకవలె వ్రేలాడు తీగను బట్టి దానికి ఎలుక యను పేరు వచ్చినదందురు. వైర్‌లెస్ మౌస్‌కు ఆ తోక లేదు. దాని అడుగున నున్న చిన్న దీపము బల్లపై వెలుగు ప్రసరింపజేయును; ఒక సూక్ష్మమైన కెమెరా ఆ తలమును సెకనునకు కొన్ని వందల, వేల పర్యాయములు చిత్రించి, చేయి ఏ దిక్కునకు కదలినదో గ్రహించును. ఆ సమాచారము 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగముల ద్వారా కంప్యూటర్‌ను చేరును.

ఈ తరంగములు చర్మమును కాల్చునంతటి శక్తి గలవి కావు. మౌస్ వెలువరించు శక్తి ఒక వాటులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. చెవికి ఆనించుకొని మాటలాడు సెల్‌ఫోన్ సాధారణముగా ఇంతకంటె ఎక్కువ శక్తిని వెలువరింపగలదు. మౌస్ తరంగముల వలన వ్యాధి కలుగునని నిర్ధారణ కాలేదు. కావున ఈ భయముతో మౌస్‌ను విడనాడ నక్కరలేదు.

మణికట్టులోని ఇరుకు దారి

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. వాటిపై వంతెనవలె ఒక గట్టి పట్టీ పరచుకొని యుండును. ఈ రెంటి నడుమ నున్న ఇరుకు మార్గమున వ్రేళ్ళను ముడుచు తొమ్మిది స్నాయువులును, ఒక ముఖ్యమైన నాడియు ప్రయాణించును. మణికట్టును పైకి గాని క్రిందికి గాని వంచి యుంచినచో ఈ మార్గములో ఒత్తిడి పెరుగును. నాడి నలిగినపుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలికి ఈ బాధ యుండదు. రాత్రివేళ బాధ హెచ్చి నిద్రాభంగము కలుగును. చేయి విదిలించినచో కొంత ఉపశమించును.

మౌస్ ఒక్కటియే ఈ జబ్బునకు కారణమని చెప్పుటకు వీలులేదు. మధుమేహము గలవారికిని, థైరాయిడ్ గ్రంథి మందగించినవారికిని, గర్భిణులకును ఇది ఎక్కువగా వచ్చును. అయినను గంటల తరబడి ఒకే భంగిమలో మౌస్ పట్టుకొనువారికి మణికట్టు, ముంజేయి, భుజము, మెడ నొప్పులు కలుగుట సాధారణము.

కూర్చుండు విధానము

మంచముపై పండుకొని, దిండు మీదనో తొడ మీదనో మౌస్ త్రిప్పుట చాలమందికి అలవాటు. ఇది మంచిది కాదు. మెత్తని తలముపై మౌస్ సరిగా కదలదు; కదలనపుడు చేయి మరింత బిగుసుకొనును. ఈ క్రింది నియమములు పాటింపుడు.

1. బల్ల ఎత్తు మోచేతి ఎత్తునకు సమానముగా నుండవలెను. కుర్చీ పల్లముగా నున్నచో దుప్పటిని మడిచి వేసికొనవలెను. పాదములు నేలకు అందనిచో పీటపై నుంచవలెను.

2. మౌస్‌ను కీబోర్డుకు ప్రక్కనే, చేయి చాపకుండ అందునట్లు ఉంచవలెను. మణికట్టు ముంజేతితో తిన్నగా నుండవలెను. మణికట్టును మాత్రమే త్రిప్పక, మోచేతి నుండి చేయి కదల్పవలెను.

3. గాజు బల్లపై మౌస్ తరచు తడబడును. ఒక అట్టను గాని, పలుచని పుస్తకమును గాని క్రింద నుంచిన చాలును.

4. బాణపు గుర్తు కదలు వేగమును కంప్యూటర్‌లో కొంత పెంచుకొన్నచో చేతికి శ్రమ తగ్గును.

5. అరగంటకొకసారి చేయి విడిచి లేచి నడువవలెను. వ్రేళ్ళను చాపి, ముడిచి, భుజములను త్రిప్పవలెను.

6. పిల్లల చేతికి పెద్దల మౌస్ పెద్దది. వారికి చిన్న మౌస్ ఇచ్చుట మేలు.

తిమ్మిరి రెండు వారములకు మించి యున్నను, చేతి నుండి వస్తువులు జారిపడుచున్నను, బొటనవ్రేలి మొదట కండ సన్నగిలినను వైద్యుని చూడవలెను. తొలిదశలో రాత్రి మణికట్టునకు కట్టు కట్టుకొనుటతోనే పలువురికి గుణము కనిపించును. ఉపేక్షించినచో నాడి శాశ్వతముగా చెడవచ్చును.

బ్యాటరీలు, పసిపిల్లలు

పెక్కు వైర్‌లెస్ మౌస్‌లలో పెన్సిల్ సెల్లు వాడబడును. పాత సెల్లు కారినచో వెలువడు ద్రవము చర్మమును, కంటిని దహింపగలదు. కంటిలో పడినచో పదునైదు నిమిషములు మంచినీటితో కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. మౌస్‌ను చాలకాలము వాడనపుడు సెల్లు తీసి యుంచుట మంచిది.

ఇంతకంటె భయంకరమైనవి నాణెమువంటి బటన్ సెల్లు. ఇవి కొన్ని చిన్న పరికరములలోను, రిమోట్లలోను, ఆటబొమ్మలలోను ఉండును. బిడ్డ మ్రింగిన బటన్ సెల్లు అన్నవాహికలో చిక్కుకొన్నచో, తడి కండరము గుండ విద్యుత్తు ప్రవహించి క్షారము పుట్టును. రెండు గంటలలోనే లోపలి గోడ కాలిపోవచ్చును. పరికరమునకు పనికిరాని పాత సెల్లులో సైతము ఈ కీడు చేయుటకు చాలినంత శక్తి మిగిలి యుండును. బిడ్డ చొంగ కార్చుట, అన్నము తిననొల్లకుండుట, దగ్గుట గుర్తులు. ఏ గుర్తులు లేకను ఉండవచ్చును.

అనుమానము కలిగిన వెంటనే 108కి గాని, 112కు గాని ఫోను చేసి, ఎక్స్‌రే సదుపాయము గల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాంతి చేయింపరాదు. అన్నము, నీరు ఈయరాదు. బిడ్డ ఏడాది దాటినదై, మింగగలదై, మ్రింగి పండ్రెండు గంటలు మించనిచో దారిలో పది నిమిషములకొకసారి రెండు చెంచాల తేనె ఈయవచ్చును. ఆరు పర్యాయములకు మించరాదు. తేనెకై ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నిషిద్ధము.

కంప్యూటర్‌కు తగిలించు చిన్న రిసీవర్ ముక్కయు గొంతునకు అడ్డుపడగలదు. పని ముగియగానే మౌస్ అడుగున నున్న అరలో దానిని భద్రపరుపవలెను.

శుభ్రత

మౌస్ ఇంటిలోని అందరి చేతులు తగులు వస్తువు. మీట ఆపి, స్పిరిట్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో వారమునకొకసారి తుడువవలెను. నేరుగా ద్రవము చల్లరాదు. తిను చేతులతో ముట్టుకొనరాదు. చెడిన మౌస్‌ను, సెల్లును చెత్తకుండిలో గాని నిప్పులో గాని వేయరాదు. ఇట్టి వ్యర్థముల సేకరణకు 2022లో మన దేశమున నియమములు వెలువడినవి. సేకరణ కేంద్రములో అప్పగింపవలెను.

తీగ తెగిపోయినంత మాత్రమున బాధ్యత తెగిపోదు. చేతికి విశ్రాంతియు, బ్యాటరీలకు తాళము వేసిన పెట్టెయు కల్పించినచో ఈ చిన్న సాధనము ఇంటికి మేలు చేయును. ఈ పుటలను చదివినవారు నేడే ఇంటిలోని విడి సెల్లు ఎక్కడ నున్నవో వెదకి, పిల్లల చేతికందని చోట ఉంచుదురు గాక.