కొత్త అక్వేరియంలో చేపలు వారం తిరక్కుండానే ఎందుకు చనిపోతాయి?

ఈద్ అయిపోగానే పిల్లల చేతిలో ఈదీ డబ్బులు ఆడతాయి. అమ్మీని, అబ్బాను ఒప్పించి చాలామంది తెచ్చుకునేది ఒక గాజు తొట్టి, అందులోకి నాలుగైదు గోల్డ్‌ఫిష్‌లు. తొట్టి, రంగు రాళ్లు, చేపలు అన్నీ ఒకే సాయంత్రం ఇంటికొస్తాయి. మూడో రోజుకి నీళ్లు తెల్లగా మసకబారతాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. వారం తిరక్కుండానే ఒక్కొక్కటే తేలిపోతుంది. నజర్ తగిలిందనో, దుకాణం వాడు జబ్బు చేపలు అంటగట్టాడనో అనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరే. చేపలకి నీళ్లు ఇంకా తయారు కాలేదు.

చేప మొప్పల నుంచి, మలం నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. చెరువులో అయితే అన్ని నీళ్లలో అది పలచబడిపోతుంది. గాజు తొట్టిలో పోయే దారి లేదు, మొప్పల్ని దెబ్బతీస్తుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఒకటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడుతుంది. అందుకే గాలి బుడగలు ఎంత వస్తున్నా చేపకు ఊపిరాడదు. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే భయం లేదు, మొక్కలు పీల్చుకుంటాయి, మిగిలింది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద కుదురుకోవడాన్నే సైక్లింగ్ అంటారు. దీనికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆ వారాలు తొట్టిలో చేప లేకుండా గడపడమే మంచి పద్ధతి. నీళ్లు పోసి, ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు చేప మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేపనీ బ్యాక్టీరియానీ కూడా చంపుతుంది. దుకాణాల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కల మందు వాడండి. లేదంటే బకెట్‌లో పట్టి ఒకటి రెండు రోజులు మూత లేకుండా ఉంచండి. బోరు నీళ్లలో క్లోరిన్ బాధ లేదు గానీ గట్టి నీళ్లుగా ఉంటాయి, చేపల్ని ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. తెలిసినవాళ్ల ఇంట్లో చాన్నాళ్లుగా బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చి తడి ఆరకుండా మీ ఫిల్టర్‌లో పెట్టండి. సగం పని అయిపోయినట్టే.

నీళ్లు మసకబారాయని తొట్టంతా ఖాళీ చేసి కడిగేస్తే మళ్లీ మొదటికొస్తారు. స్పాంజిని కూడా కుళాయి కింద రుద్దకూడదు, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. రాత్రి శబ్దం వస్తోందని ఫిల్టర్ ఆపొద్దు, ఆ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. నీళ్లు తయారయ్యాయా లేదా అన్నది కంటికి కనపడదు, టెస్ట్ కిట్ కొనాల్సిందే. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కొంత కనిపించిందంటే తయారైనట్టు.

చేపలు ఇప్పటికే ఇంట్లో ఉంటే? మేత రెండు రోజులకోసారి, అదీ నిమిషంలో తినేసేంత. రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన నీళ్లు పోయాలి. నెల రోజులు ఓపిక పట్టాలి. తీసిన నీళ్లు పారబోసి ఇస్రాఫ్ చేయకండి, కుండీ మొక్కలకు అంతకన్నా మంచి ఎరువు లేదు. పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ గురించిన హదీసు బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉంది. పిల్లలకి ఆ మాట చెప్పి, నీళ్లు మార్చే పని వాళ్లకే అప్పగించండి.

మొదటి చేపలుగా ఏవి? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో దాదాపు 50 లీటర్లు పడతాయి. గట్టి నీళ్లున్న ఇళ్లకు గప్పీలు, ప్లాటీలు బాగా సరిపోతాయి. ఆడా మగా కలిపి తెస్తే నెలనెలా పిల్లలు పెడతాయి, కాబట్టి మగవే తీసుకోవడం తెలివైన పని. జీబ్రా చేపలు ఇంకా గట్టి పిండాలు. మన ఉపఖండం చేపే, హైదరాబాద్ సీసీఎంబీలో పరిశోధనలకు కూడా వాడతారు. ఆరింటికి తక్కువ కొనొద్దు, గుంపు లేకపోతే బెదురుతాయి. ఎగిరి బయట పడతాయి, తొట్టికి మూత ఉండాలి. ముందు మూడు నాలుగు చేపలే వేసి, రెండు వారాలు చూసి మిగతావి తేవాలి. బ్యాక్టీరియా కూడా ఆ కొత్త లెక్కకు పెరగాలి కదా.

గోల్డ్‌ఫిష్‌ని మాత్రం నేను సలహా ఇవ్వను. విపరీతంగా మలం వేస్తుంది, జానెడు దాకా పెరుగుతుంది, గుండ్రటి గాజు గిన్నె దానికి జైలే. నాచు తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటుతుంది. ఇంట్లో పట్టక చెరువులో వదిలేవాళ్లున్నారు. జాలర్ల వలలు చింపే దెయ్యం చేప అంటున్నది ఆ జాతినే. వద్దనుకుంటే దుకాణానికే తిరిగి ఇవ్వండి, చెరువులో కాదు.