పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్: ముందు మన పాఠాలు భద్రం

మీ తరగతి కంప్యూటర్ పాతబడిందా? విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని తెర మీద సందేశం వస్తోందా? అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు ఈ అధ్యాయం ఒకసారి చదవండి.

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. అంతమాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఇక రావు. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, పద్యాల రికార్డింగులు ఉన్న కంప్యూటర్‌ని ఆ స్థితిలో ఇంటర్నెట్‌కి కలిపి ఉంచడం మంచిది కాదు. కాబట్టి మార్చాల్సిందే. అయితే ఇందులో తెలుగువాళ్ళకి ఎదురయ్యే చిక్కు ఒకటుంది.

మస్కట్‌లో ఉన్నా, సొహార్‌లో ఉన్నా, సలాలాలో ఉన్నా మన వర్క్‌షీట్లలో చాలా భాగం ఎవరో ఒక టీచర్ రాత్రిపూట కూర్చుని టైపు చేసినవే. ఉద్యోగం మారితే ఆ టీచర్ ఇంకో దేశానికో, సొంత ఊరికో వెళ్ళిపోతారు. తరవాత వచ్చేవాళ్ళకి మిగిలేది ఆ ఫైళ్ళే. ఒకసారి మేము ఒక ల్యాప్‌టాప్‌ని రిపేరు షాపులో ఫార్మాట్ చేయించాం. ఫైళ్ళన్నీ ముందే కాపీ చేసుకున్నాం, ఒక్కటీ పోలేదు. తీరా తెరిచి చూస్తే గుణింతాల పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం! ఫైళ్ళు ఉన్నాయి, ఫాంట్లు పోయాయి.

మీ ఫైల్లో ఉన్నది ఏ తెలుగు?

కంప్యూటర్‌లో తెలుగు రెండు రకాలు. మొదటిది యూనికోడ్. ఇందులో ‘క’ అనే అక్షరానికి ప్రపంచమంతటా ఒకే నంబరు. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. యూనికోడ్‌లో రాసింది ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే కనిపిస్తుంది.

రెండోది అను, శ్రీలిపి వంటి పాత డీటీపీ ఫాంట్ల తెలుగు. వీటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కల బొమ్మలు పెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఇంగ్లీషే. ఆ ఫాంట్ ఉన్నంతసేపే మనకి తెలుగులా కనిపిస్తుంది.

ఏ రకమో తేల్చడం సులువు. ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు కనిపిస్తే యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తే పాత ఫాంట్.

మార్చే ముందు చెయ్యాల్సినవి

1. పాత ఫాంట్‌లో ఉన్న ప్రతి వర్క్‌షీట్‌నీ పాత కంప్యూటర్ మీదే పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యండి. ఫాంట్ కూడా పీడీఎఫ్ లోపలే చేరితే, తరవాత ఎక్కడైనా ప్రింటు తీసుకోవచ్చు. చేరిందో లేదో ఫోన్‌లో తెరిచి చూడండి.
2. ఫాంట్ల ఫోల్డర్‌లోంచి ఆ ఫాంట్లని వేరుగా కాపీ చేసుకోండి. అను, పేజ్‌మేకర్ వంటివి మళ్ళీ ఎక్కించడానికి సీడీ, సీరియల్ నంబరు మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. కొత్త కంప్యూటర్ మీద అది సరిగ్గా నడుస్తుందని నమ్ముకోవద్దు.
3. అన్నిటినీ రెండు చోట్ల దాచండి: ఒకటి బయటి డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. ఆ డిస్కుని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. మన వేసవి సంగతి తెలిసిందే కదా.
4. కాపీ చేశాక ఇంకో కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని కాపీ అనుకోవద్దు.
5. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

కంప్యూటర్ తట్టుకుంటుందా?

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పనికొస్తుంది. ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-7200 అని ఉంటే ఏడో తరం. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవన్నీ చూసి చెబుతుంది. సరిపోతే అప్‌గ్రేడ్ ఉచితమే.

సరిపోకపోతే రెండు దారులు. ఒకటి, విండోస్ 10నే ఉంచి పొడిగింపు సపోర్టు తీసుకోవడం. ఇంటి కంప్యూటర్లకి ఇది 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించారు. సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ ఖాతాకి బ్యాకప్ చేస్తే ఉచితం, లేకపోతే 30 డాలర్లు, అంటే సుమారు 11 రియాల్ 500 బైసాలు. ఇది గడువు పెంచుకోవడమే తప్ప పరిష్కారం కాదు. రెండోది, లినక్స్ మింట్ వంటి ఉచిత సిస్టమ్. యూనికోడ్ తెలుగు రాయడానికీ, లిబ్రే ఆఫీస్‌లో వర్క్‌షీట్లు చెయ్యడానికీ అది చాలు. అను ఫైళ్ళ పని మాత్రం దాని మీద పెట్టుకోవద్దు.

మార్చేటప్పుడు, మార్చాక

శుక్రవారం తరగతి ఉంటే గురువారం రాత్రి మొదలుపెట్టకండి. టర్ము అయ్యాక పెట్టుకోండి. ‘ఫైళ్ళు, ప్రోగ్రాములు ఉంచు’ అనే ఎంపికతో అప్‌గ్రేడ్ చేస్తే ఫాంట్లు సాధారణంగా ఉంటాయి. అంతా తుడిచి కొత్తగా ఎక్కిస్తే పోతాయి. షాపువాళ్ళకి ఇచ్చేటప్పుడు ఈ మాట విడమరిచి చెప్పండి. అప్‌గ్రేడ్ నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి 10 రోజులే గడువు. కాబట్టి తొలి వారంలోనే అన్నీ పరీక్షించండి.

గౌతమి ఫాంట్‌లో చేసిన యూనికోడ్ పేజీల్లో వరసలు చెదిరిపోతే కంగారు పడకండి. ఇప్పటి విండోస్‌లో తెలుగుకి నిర్మలా యూఐ ఫాంట్ ముందే ఉంటుంది. గౌతమి, వాణి కావాలంటే సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకోవాలి. టైపింగ్‌కి గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ పాత ప్రోగ్రామ్ మళ్ళీ దొరకదు. దాని బదులు విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో వస్తుంది.

ఇక అసలు పని, పాత ఫాంట్ పాఠాలని యూనికోడ్‌లోకి మార్చడం. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, ముఖ్యంగా ‘క్ర’, ‘ర్క’, ‘స్త్రీ’ వంటి చోట్ల తడబడతాయి. మార్చిన ప్రతి పేజీనీ పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవండి. ఇండియాలో పెరిగే పిల్లాడు తప్పు అక్షరాన్ని బస్సు మీదో, సినిమా పోస్టరు మీదో చూసి దిద్దుకుంటాడు. ఇక్కడ మన పిల్లలకి చాలాసార్లు ఆ వర్క్‌షీటే ఆధారం. అందులో ఒత్తు తప్పితే, వాళ్ళు నేర్చుకునేది ఆ తప్పే.

ఒక్కరే అన్నీ చెయ్యక్కర్లేదు. ఒక్కో టీచర్ వారానికి ఒక పాఠం చొప్పున పంచుకోండి. మార్చిన ఫైలు పేరులో తరగతి, పాఠం పేరు, సంవత్సరం రాయండి. మన తరవాత వచ్చే టీచర్‌కి మనం తెలియకపోవచ్చు, మన పాఠం మాత్రం తెరుచుకోవాలి.