రోహిణి కార్తెలో ఆదివారం

ఈస్టర్‌కు నికరమైన తేదీ లేదు. మార్చి 21ని పగలూ రాత్రీ సమానమయ్యే రోజుగా లెక్కకు తీసుకుని, ఆ రోజునో ఆ తర్వాతో వచ్చే పున్నమి చూసి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారాన్ని ఈస్టర్‌గా చేసుకుంటారు. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఊగుతుంటుంది. 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న. మిగతా పండుగలు దాని వెంట నడుస్తాయి. ముందు శ్రమదినాలు, ఈస్టర్ మొదలు నలభయ్యో రోజున ఆరోహణం, యాభయ్యో రోజున పెంతెకొస్తు.

ఈ లెక్క తెలుగు నేల మీద కట్టింది కాదు. యూరప్‌లో ఈస్టర్ అంటే చలి విరిగి చెట్టు చిగిర్చే రోజులు. మనకు ఎండలు ముదిరే రోజులు. 2025నే తీసుకోండి. ఈస్టర్ తర్వాతి అయిదో ఆదివారాన్ని ఆంగ్లికన్ సంప్రదాయంలో పంటల కోసం వేడుకునే రోజుగా పాటిస్తారు. ఇంగ్లండు పల్లెల్లో గురువూ సంఘమూ కలిసి గట్ల వెంట నడిచి, పచ్చగా లేచిన పైరును దీవించమని ప్రార్థించడం ఆనవాయితీ. ఆ ఏడాది ఆ ఆదివారం మే 25న పడింది. మనకు రోహిణి కార్తె పెట్టింది ఆ రోజే. రోళ్లు పగిలే ఆ ఎండలో మన చేలో దీవించడానికి పత్తి మోళ్లు, నెర్రెలు తప్ప ఏముంటాయి? ఆరోహణం మే 29న, రోహిణిలోనే. పెంతెకొస్తు జూన్ 8, సరిగ్గా మృగశిర నాడు.

ఊళ్లో క్రైస్తవ కుటుంబాలకు ఈ రెండు లెక్కలూ తెలుసు. గోడకు సంఘం వాళ్లు వేయించిన క్యాలెండర్ ఉంటుంది, నోట్లో కార్తెలు ఉంటాయి. ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో క్యాలెండర్ చెబుతుంది. ఎన్నింటికి చేరాలో, ఎవరు రాగలరో, ఎంతసేపు కూర్చోగలరో మాత్రం కార్తె తేలుస్తుంది, కూలి తేలుస్తుంది. పల్లె సంఘపు వేసవిని అర్థం చేసుకోవాలంటే పని వేళల దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం. బైబిలు దగ్గర మొదలుపెడితే సగమే తెలుస్తుంది.

తెలుగు పల్లెల్లో చర్చికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, చిన్న కౌలుదార్లు. పందొమ్మిదో శతాబ్దంలో మాలపల్లెలూ మాదిగపల్లెలూ కుటుంబాలకు కుటుంబాలుగా సంఘంలో చేరాయి. ఒంగోలు ప్రాంతం సంగతి అందరికీ తెలిసిందే. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం కరువు పని సాగినన్నాళ్లూ ఇవ్వలేదు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందురోజునూ మర్నాటినీ కలుపుకుంటే 3,536 మంది. మట్టి తవ్వే చోట, పని మధ్య సేదదీరే వేళల్లో వాక్యం విన్న జనం వాళ్లు. పని వేళకు ఆరాధనను సర్దుకోవడం ఆ సంఘాలకు పుట్టుకతోనే అబ్బింది.

ఇప్పటి పని వేళలు చూద్దాం. శ్రమదినాలు మొదలయ్యేసరికి మిరప కోత ముమ్మరంగా ఉంటుంది. కర్నూలు పడమటి వైపు, ఆదోని, కోసిగి పల్లెల నుంచి ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు, పల్నాడు వైపు సుగ్గికి, అంటే కోత కూలికి, పోతారు. సొంతూళ్ల గుడుల్లో ఆ రెండు మూడు నెలలు ముసలివాళ్లూ, వాళ్ల దగ్గర వదిలివెళ్లిన పిల్లలూ మిగులుతారు. శ్రమదినాల శుక్రవారపు కూటాలు ఆ ముసలివాళ్ల గొంతులతోనే నడుస్తాయి. పోయినవాళ్లు చేలగట్టున వేసుకున్న పట్టాల గుడిసెల దగ్గర రాత్రి అన్నం తిన్నాక ఒక కీర్తన పాడుకుంటారు. లేదంటే ఆదివారం ఆ ఊరి గుడిలో వెనక చాప మీద కూర్చుంటారు. కానుక సంచీ తమ ముందుకు వచ్చినప్పుడు, ఊరుగాని ఊళ్లో వేస్తున్న ఆ పది రూపాయలూ సొంత గుడి లెక్కలో పడవని వాళ్లకు తెలుసు. అయినా వేస్తారు.

ఎండలు ముదిరాక ఉపాధి పని ఉంటుంది. తెలంగాణలో దాన్ని ఇంకా కరువు పని అనే అంటారు. తెల్లారక ముందే గడ్డపారా తట్టా పట్టుకుని బయల్దేరి, ఎండ నెత్తికెక్కే లోపు ఇంటికి చేరతారు. కాబట్టి వారం మధ్యలో వేకువ ప్రార్థనలు పెడితే ఎవరూ రారు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక, వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వాల్చాక, ఇంటి ముందే కూటం పెడితే పక్కింటివాళ్లు కూడా తమ మంచాల మీద నుంచే వింటారు.

డోర్నకల్ వైపు అడవి పల్లెలది ఇంకో కథ. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని, జీవితమంతా ఈ పల్లెల్లోనే తిరిగాడు. ఆయన కట్టించిన కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. ఇంగ్లిషు గుడిని అచ్చు దించకుండా, దక్షిణాది మండపస్తంభాలనూ నవాబుల కాలపు గుమ్మటాలనూ కలిపి కట్టారు. అంతటి గుడి ఉన్న ఆ ప్రాంతంలో కూడా మే నెల వస్తే తునికాకుదే పైచేయి. చీకటితోనే అడవికి పోవాలి, ఆకు కోసి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి సాయంత్రానికి కల్లంలో అప్పగించాలి. సీజన్ కొద్ది రోజులే. ఆదివారమని ఆకు ఆగదు. పాస్టర్‌గారు పట్టుబట్టి పొద్దున తొమ్మిదింటికే ఆరాధన అంటే ముందు వరుసలో పాస్టరమ్మగారొక్కరే కనిపిస్తారు. అనుభవం ఉన్నవాళ్లు కల్లం ముగిశాకే గంట కొట్టిస్తారు.

ఇలా అన్ని వేళలనూ సర్దుకునే సంఘం ఒక్కదాన్ని మాత్రం జరపదు. శుభ శుక్రవారం ఆరాధన మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటిదాకా సాగుతుంది. సువార్తల్లో ఆ మూడు గంటలూ చీకటి కమ్మిందని ఉంది కనుక వేళ మారదు. సిలువ మీది ఏడు మాటలను వరసగా ధ్యానించే ఈ మూడు గంటల పద్ధతిని పదిహేడో శతాబ్దం చివర దక్షిణ అమెరికాలోని లిమా నగరంలో ఒక జెసూట్ గురువు మొదలుపెట్టాడు. తర్వాత కతోలికులు కాని సంఘాలకూ పాకింది. మన పల్లెల్లో దానికి సొంత రూపం వచ్చేసింది. ఏడు మాటలకు ఏడుగురు బోధకులు. పాస్టర్‌గారు ఒకటి తీసుకుంటే మిగతావి సంఘ పెద్ద, టీచరు ఉద్యోగం వచ్చిన కుర్రాడు, స్త్రీల మైత్రి నుంచి ఒకావిడ, ఇలాంటివాళ్లు పంచుకుంటారు. ఎవరికీ ఇరవై నిమిషాలు చాలవు. పన్నెండున్నరకే కరెంటు పోతుంది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, నడుమ దారిలో పిల్లలు పడి నిద్రపోతుంటారు. తాటాకు విసనకర్ర ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంటుంది, ఎవరి దగ్గరుంటే వాళ్లు పక్కవాళ్లకు కూడా తగిలేలా విసరాలి. చాలామంది పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టరు. అయిదో మాట దాహం గురించినది. అది వచ్చేసరికి రెండవుతుంది, కిటికీ లోంచి వడగాలి కొడుతుంటుంది. ఆ మాటకు బోధకుడు ఎంత చెప్పినా తక్కువే, చెప్పకపోయినా నష్టం లేదు. బయట రోడ్డు మీద యూత్ పిల్లలు పందిరి వేసి మజ్జిగ పోస్తుంటారు. ఆ పందిరి గుంజలు చాలాచోట్ల శ్రీరామనవమి పందిరివే.

రెండు రోజులకు ఈస్టర్. సంఘమంతా తెల్లవారుజామునే సమాధుల దగ్గరికి పోతుంది. ముందురోజే ముళ్లకంప కొట్టి, సమాధులకు సున్నం వేసి ఉంచుతారు. కొవ్వొత్తులు, బంతిపూలు, పాట, ప్రార్థన, అన్నీ ఎండ రాకముందే అయిపోతాయి. క్రీస్తు లేచింది వేకువనే కనుక ఇక్కడ వాక్యమూ వాతావరణమూ ఒకే మాట మీద ఉన్నాయి. శ్మశానానికి జాగా లేక వాగు ఒడ్డున పూడ్చుకునే పల్లెలు ఇంకా ఉన్నాయి. అక్కడ పోయిన వానలకు కొట్టుకుపోయిన సమాధి ఎవరిదో వెతుక్కోవడంతోనే ఆ వేకువ గడిచిపోతుంది.

బడులు ఏప్రిల్ చివరి వారంలో మూస్తారు, జూన్ రెండో వారానికి తెరుస్తారు. ఈ మధ్యలో పల్లె చర్చికి అసలైన సందడి తెచ్చేది విబిఎస్. సెలవుల బైబిలు బడి అన్నమాట. 1898లో న్యూయార్క్‌లో హాస్ అనే ఆవిడ, వీధుల్లో తిరిగే పేద పిల్లల కోసం ఒక బీరు హాలును అద్దెకు తీసుకుని నడిపిన సెలవుల బడి దీనికి మొదలు అంటారు. ఎండాకాలం తల్లిదండ్రులు పనికి పోతే పిల్లల్ని చూసేవాళ్లెవరన్న బెంగ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అందుకే ఇది మన పల్లెల్లో ఇంత గట్టిగా వేళ్లూనుకుంది. తల్లి ఉపాధి పనిలో ఉండే ఆ పూటే విబిఎస్ వేళ. పట్నం నుంచి నలుగురైదుగురు కాలేజీ పిల్లలు వచ్చి ఊళ్లోనే ఉంటారు. అభినయ గీతాలు, కంఠత వాక్యాలు, రంగు కాగితాలతో బొమ్మలు, మధ్యలో మరమరాలు, గ్లాసుడు రస్నా. చర్చికి రాని ఇళ్ల పిల్లలు కూడా వస్తారు, పెద్దవాళ్లు అడ్డు చెప్పరు. పూటంతా పిల్లలు ఎండలో చెరువు గట్ల మీద తిరక్కుండా ఒక నీడన ఉంటారంటే ఏ తల్లి కాదంటుంది? చివరి రోజు జెండాలు పట్టుకుని ఊరేగింపు, సాయంత్రం బహుమతులు. స్టీలు గ్లాసో, టిఫిన్ డబ్బానో. ఆ గ్లాసు మీద గుడి పేరు, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే గ్లాసులో కాఫీ పోసిచ్చే ఇళ్లు ఉన్నాయి.

ఆ నీడ గురించి ఒక మాట చెప్పాలి. మిషన్ల కాలంలో కట్టిన పాత గుడులకు సున్నపు గోడలు మందంగా ఉండేవి. కప్పు ఎత్తుగా, పెంకులతో ఉండేది. పెంకుల సందుల్లోంచీ, పైన గోడకు పెట్టిన గవాక్షాల్లోంచీ వేడిగాలి బయటికి పోయేది. వాటిని పడగొట్టి, చందాలు పోగుచేసి స్లాబు గుడులు కట్టారు, కొన్నిచోట్ల రేకులు వేశారు. సంఘం పెరిగింది కనుక పెద్ద గుడి కావాలి, నిజమే. కానీ స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రి పది దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. రేకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. దాంతో లక్షలు పెట్టి కట్టిన గుడికి ఎదురుగా వేపచెట్టు కింద ఆరాధన జరిగే ఊళ్లు తయారయ్యాయి. శంకుస్థాపన రాయి మీద దాతల పేర్లన్నీ ఉంటాయి, కిటికీలు ఎటు పెట్టాలో ఆలోచించినవాళ్లు మాత్రం ఉండరు.

కతోలిక విచారణల్లో మే నెల మరియమాతది. స్వరూపాన్ని పూట పూటకూ ఒక ఇంటికి తీసుకుపోయి రాత్రిపూట జపమాల చెబుతారు. ఆ ఇంటివాళ్లు శనగలో, బెల్లం పానకమో పంచుతారు. పెళ్లిళ్లూ ఈ నెలల్లోనే. శ్రమదినాల్లో పెళ్లి చేయరు కనుక ఈస్టర్ దాటగానే గుడిలో వరసపెట్టి ప్రకటనలు వినిపిస్తాయి. మూడు ఆదివారాలు పేర్లు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. క్రైస్తవులకు ముహూర్తం లేదంటారు గానీ మేనమామ సంచిలో పంచాంగం ఉండనే ఉంటుంది. తొలి కాపు మామిడికాయలు కూడా ఈ ఆదివారాల్లోనే బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం. పావుకిలో కూడా తూగని కాయ నూట యాభైకి పోతుంది. పాడుకున్న పెద్దమనిషి దాన్ని అక్కడే కోయించి పిల్లలకు పంచేస్తాడు.

మే చివరికి చెరువులు అడుగంటుతాయి, బోర్లు గాలి కక్కుతాయి. అప్పుడు వాన ప్రార్థనలు. ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలో 1662 నాటి కూర్పులోనే వాన కోసం ఒక ప్రార్థన ఉంది, వాన ఆగాలని ఇంకొకటి ఉంది. ఇంగ్లండులో రెండోది ఎక్కువ పనికొచ్చి ఉంటుంది. మన దగ్గర మొదటిదే. అయినా పల్లెలో దాన్ని పుస్తకం చూసి చదవరు. ఉపవాసం ఉండి, శుక్రవారం రాత్రి మోకాళ్ల మీద, ఒక్కొక్కరూ తమ చేను పేరు కూడా చెప్పి అడుగుతారు. పక్కన ముస్లింలు ఈద్గా దగ్గర నమాజు చేస్తారు, ఊళ్లో కప్పతల్లి ఆట ఆడతారు. ఎవరి ప్రార్థనకు వాన పడిందన్న తగవు మాత్రం ఎవరూ పెట్టుకోరు.

వాన పడిన వారం ఆదివారం గుడి దాదాపు ఖాళీ. పదును పోకముందే పత్తి గింజ పెట్టాలి, కూలీ రేటు రెట్టింపవుతుంది, ఆ రోజు మానుకోగల ఇల్లు ఊళ్లో ఉండదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టర్‌గారైతే సంఘ పెద్ద మీద కోప్పడతారు. సంఘ పెద్ద కూడా చేలోనే ఉంటాడు కనుక ఆ కోపం ఫోన్‌లోనే. “అయ్యగారూ, బుధవారం రాత్రి పెట్టుకుందాం, కృతజ్ఞత కానుక కూడా అప్పుడే తెస్తారు” అని ఆయన సర్దిచెబుతాడు. బుధవారం రాత్రి కాళ్లకు ఇంకా బురద ఆరని జనంతో గుడి నిండుతుంది.