వందల సైటేషన్లు ఉంటే మందు పనిచేసినట్టేనా?

చర్ల నుంచి ఒక తమ్ముడు నాకు ఒక రీల్ పంపాడు. అశ్వగంధతో మతిమరుపు మాయం, అమెరికా జర్నల్‌లో నిరూపించారు, వందల సైటేషన్లు... ఇదీ అందులో మ్యాటర్. వాళ్ళ నానమ్మకి డాక్టర్ రాసిన గోళీలు ఆపేసి ఈ పొడి పెట్టొచ్చా అని తన డౌటు. జవాబు ముందే చెప్పేస్తున్నా: ఆపొద్దు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

రీల్‌లో చూపించిన పేపర్ మాత్రం నిజమైనదే. 2012లో పీఎన్ఏఎస్ అనే పేరున్న జర్నల్‌లో వచ్చింది. రాసినవాళ్ళలో చివరి పేరు విజయలక్ష్మి రవీంద్రనాథ్. ఇలాంటి పేపర్లలో మామూలుగా మొదటి పేరు ప్రయోగాలు ఎక్కువగా చేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్ళది. ఈమె ఆంధ్రా యూనివర్సిటీలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివారు. 1996లో భట్నాగర్ అవార్డు, 2010లో పద్మశ్రీ వచ్చాయి. మానేసర్‌లో ఉన్న నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌ని మొదటి డైరెక్టర్‌గా నిలబెట్టింది ఆమే. అంటే మనిషి గట్టి, పేపర్ గట్టి. తేడా కొట్టింది రీల్‌లోనే.

సైటేషన్ అంటే ఏంటి? తర్వాత పేపర్ రాసేవాళ్ళు "ఫలానా పేపర్ చూశాం" అని కింద రాసుకునే లెక్క. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మీ లైబ్రరీని ఎంతమంది తమ కోడ్‌లోకి ఇంపోర్ట్ చేసుకున్నారు అన్నట్టు. అందులో బగ్ లేదని ఆ నంబర్ చెప్పదు కదా! మెచ్చుకున్నా ఒకటే, తప్పని తిట్టినా ఒకటే, లెక్కలో కలిసిపోతుంది.

గూగుల్ స్కాలర్‌లో చూస్తే హెచ్-ఇండెక్స్ అని ఇంకో నంబర్ కనబడుతుంది. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క ఇది. ఒకాయనవి 5 పేపర్లు ఉన్నాయనుకోండి, సైటేషన్లు 20, 12, 7, 4, 1. కనీసం నాలుగేసి సైటేషన్లు ఉన్నవి 4 పేపర్లు, కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఒక్క పేపర్ వైరల్ అయినంత మాత్రాన ఇది పెరగదు. అంతవరకు బాగుంది.

ఇప్పుడు ఆ 2012 పేపర్ లోపలికి పోదాం. అశ్వగంధ, అదే మన పెన్నేరుగడ్డ. దాని వేరు నుంచి కొంత శుద్ధి చేసి తీసిన సారం పెట్టారు. ఎవరికి? అల్జీమర్స్ లాంటి జబ్బు వచ్చేలా జీన్స్ మార్చిన ఎలుకలకి! వాటి మెదడులో పేరుకున్న అమిలాయిడ్ తగ్గింది, మరిచిపోవడమూ తగ్గింది. విచిత్రం ఏంటంటే ఆ పని మొదలైంది మెదడులో కాదు, లివర్‌లో. ఎల్ఆర్‌పీ అనే ప్రోటీన్ అక్కడ పెరిగి అమిలాయిడ్‌ని బయటికి లాగింది. అందుకే అంతమంది సైట్ చేశారు. కానీ అందులో మనుషులు లేరు, బజారు పొడి లేదు, నానమ్మ లేదు. పైగా అశ్వగంధ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వైద్య జర్నళ్లలో నమోదయ్యాయి.

పెద్ద నంబర్ మోసం చేసిన కథ కూడా ఇదే అల్జీమర్స్‌లో ఉంది. 2006లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు నేచర్‌లో వేసిన అమిలాయిడ్ పేపర్‌కి 2,000కి పైగా సైటేషన్లు వచ్చాయి. బొమ్మలు మార్చారని తేలి 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 18 ఏళ్ళు!

చిన్న నంబర్ సంగతి ఇంకోలా ఉంటుంది. నాకైతే ఇదే అసలు విషయం. కేసరి పప్పు తెలుసుగా, మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో తివ్రా అంటారు. కరువులో నెలల తరబడి అదే తింటే కాళ్ళు చచ్చుబడతాయి. అందులోని విషాన్ని బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళు 1964లోనే విడదీసి చూపించారు. ఆ విషం మెదడు కణాల్లో శక్తి తయారయ్యే చోట ఏ ఎంజైమ్‌ని ఆపేస్తుందో ఎలుకల్లో పట్టుకుంది విజయలక్ష్మి గారి ల్యాబే, 1993లో. కానీ ఇది తిండి లేనివాళ్ళ జబ్బు. దీనిమీద పనిచేసే ల్యాబులే తక్కువ, ఇక సైట్ చేసేదెవరు? అల్జీమర్స్ మీద ప్రపంచమంతా పనిచేస్తోంది కాబట్టి అక్కడ నంబర్లు వాటంతటవే పెరుగుతాయి. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో తూస్తే పేదవాళ్ళ జబ్బు ఎప్పుడూ తేలిపోతుంది.

ఆమె తర్వాత బెంగళూరులో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ మొదలుపెట్టారు. అక్కడివాళ్ళు కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన 10,000 మందిని ఏళ్ళ తరబడి పరీక్షించే పని పెట్టుకున్నారు. తెలుగు బాగా వినబడే ఏరియా అది. వయసు మీద పడుతుంటే పల్లె మనుషుల జ్ఞాపకశక్తి ఎలా మారుతుందో వాళ్ళనే అడిగి రాసుకుంటున్నారు. ఇలాంటి పనికి ఫలితం మెల్లగా వస్తుంది, రీల్‌కి పనికిరాదు. చర్ల తమ్ముడి నానమ్మ లాంటివాళ్ళ గురించి మాట్లాడేది మాత్రం ఇదే.