ముందు రంగు, తర్వాతే సూది

పాలపిట్ట కొమ్మ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగు పిట్టే. రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం ఒక్కసారిగా బయటపడతాయి. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని తెలంగాణలో పొలాల గట్ల వెంట వెతుక్కుంటూ వెళ్తారు. పరాయి ఊళ్లలో ఉన్నవాళ్లకు కనీసం చొక్కా మీదైనా కనబడాలని నిరుడు మా స్నేహితులం నలభై తెల్ల టీషర్టులు చేయించాం. రెక్కలు, ఒళ్లు స్క్రీన్ ప్రింటు. ముక్కు, కాళ్లు, కన్ను, కంటి చుట్టూ ఉండే నారింజ వలయం కంప్యూటర్ ఎంబ్రాయిడరీ.

మొదటి పది పాడయ్యాయి. ఎంబ్రాయిడరీ త్వరగా అయిపోతుందని ముందు అదే చేయించాం. తప్పు అక్కడ జరిగింది, అదీ మా తొందర వల్లే.

స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నటి జల్లెడ బట్ట. బొమ్మ ఉన్నచోట దాని కళ్లు తెరుచుకుని ఉంటాయి, మిగతా అంతటా ఎమల్షన్ మూసేస్తుంది. రంగు పోసి రబ్బరు స్క్వీజీతో లాగితే తెరిచిన కళ్లలోంచి కిందికి దిగుతుంది. రంగుకో స్క్రీన్, మా పిట్టకు మూడు. కింద బట్ట పలకలా చదునుగా ఉంటేనే ఇదంతా కుదురుతుంది. మా చొక్కా మీద అప్పటికే కన్ను ఉబ్బెత్తుగా కుట్టి ఉంది. స్క్రీన్ దాని మీద ఎత్తిపట్టినట్టు నిలిచిపోయింది. కంటి చుట్టూ రంగు అంటని తెల్లటి గాడి మిగిలింది, దారం నిండా నీలం మరకలు. ఆ పైన ఉడకబెట్టడం ఒకటి. ప్లాస్టిసాల్ రంగు ఊరికే ఆరదు, దాదాపు 160 డిగ్రీల వేడి తగలాలి. ఆ వేడికి బట్ట కుంచించుకుపోయింది, కుట్టు కుంచించుకోలేదు. పిట్ట ముఖమంతా ముడతలు.

అలాగైతే మొత్తం దారంతోనే కుట్టిస్తే పోదా అని ఒకరు అడిగారు. మిషన్ నింపుడు కుట్టుకు చదరపు అంగుళానికి సుమారు 2,000 కుట్లు పడతాయి. మా బొమ్మ 8 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు. అంటే లక్షకు కాస్త తక్కువ. నిమిషానికి 750 కుట్లు వేసే మిషన్‌కు ఒక్క చొక్కాకే రెండు గంటలు పైమాట. అయ్యాక అది ఒంటి మీద అట్టముక్కలా నిలబడుతుంది. రెక్కలో నీలం నీలంలో కరిగిపోయే తీరు రంగుకే చేతనవుతుంది. కంటి మెరుపు దారానికే చేతనవుతుంది. దేని పని దానికివ్వాలి.

మిగతా ముప్పై చొక్కాలకు ముందు ప్రింటు వేయించాం. అయినా చిక్కు తీరలేదు. నూలు టీషర్టు వేడికి కుదించుకుంటుంది, కుట్టేటప్పుడు హూపు అనే చట్రంలో బిగిస్తే సాగుతుంది. కంప్యూటర్‌లోని పిట్ట ఒకటి, బట్ట మీది పిట్ట ఒకటి. అందుకే ఒక చొక్కా ప్రింటు వేసి, ఉడికించి, చల్లారాక బల్ల మీద పరిచి కొలిచాం. ఆ కొలతలతోనే కుట్టు డిజైన్ మళ్లీ చేయించాం. ఈ పనిలో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇదే. ముక్కు దారం రంగు అంచు మీదికి ఒక మిల్లీమీటరు ఎక్కేలా పెట్టించాం, బట్ట అటూ ఇటూ జరిగినా తెల్ల గీత కనబడకుండా. అంతకు మించి దట్టమైన రంగు మీద కుట్టకూడదు. బట్టలో పడిన సూది చిల్లు పోగుల మధ్య సర్దుకుంటుంది, రబ్బరులాంటి ఆ పొరలో పడిన చిల్లు అలాగే ఉండిపోతుంది. సూది కూడా పోగు తెగకుండా పక్కకు తప్పించే బాల్ పాయింట్‌ది. కుట్టు అడుగున ఆసరాగా పెట్టే బ్యాకింగ్‌లో చింపేసే రకం సాగే బట్టను ఆపలేదు, కత్తిరించే రకం వేయాలి.

ఆలోచిస్తే, రంగు ముందు, సూది తర్వాత అన్న సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. కలంకారీ ముక్కను జాకెట్ వీపున అతికించి, చుట్టూ మగ్గం వర్క్ చేయిస్తారు. పెడనలో అచ్చు వేసినదైనా, శ్రీకాళహస్తిలో కలంతో గీసినదైనా, రంగు పని పూర్తిగా ముగిశాకే సూది దిగుతుంది. ముక్క అంచు జరీ గొలుసుకుట్టు కింద దాగిపోతుంది. మా పిట్ట ముక్కుకు చేసినది అదే.

మేం వాడిన ఈ రెండు పద్ధతుల చరిత్రలో మాత్రం వరుస తిరగబడింది, అక్కడ సూదే ముందు వచ్చింది. ఫ్రాన్స్‌లోని ములూజ్‌లో జోసువే హైల్‌మన్ ఎంబ్రాయిడరీ యంత్రాన్ని తయారుచేసింది 1828లో. ఇంగ్లండ్‌లో శామ్యూల్ సైమన్ స్క్రీన్ ప్రింటింగ్‌కు పేటెంట్ తీసుకున్నది 1907లో.

దసరా ముందు రోజుకు ముప్పై చొక్కాలూ చేతికొచ్చాయి. నాది తిరగేసి చల్లటి నీళ్లలోనే ఉతుకుతాను, ప్రింటు మీద ఇస్త్రీపెట్టె ఆననివ్వను. ఇన్ని ఉతుకుల తర్వాత రెక్క నీలం కాస్త మెత్తబడింది. కన్ను మాత్రం చీకట్లో వేలితో తడిమినా దొరుకుతుంది.